కార్తీకంలో కోడి జబ్బు

మా వైపు మనిషికి కడుపు చెడితే కారణం కనిపెట్టడానికి డాక్టరు అక్కర్లేదు. ఆఖరుసారి పరాయివాళ్ల ఇంట్లో ఏం తిన్నాడో అదే కారణం. సొంతింటి చేపల పులుసు మూడు రోజులు నిలవుంచి తిన్నా దాన్ని ఎవరూ అనుమానించరు. అనుమానిస్తే ఆ పూట అన్నం దొరకదు. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి ల్యాబులో జనం తెచ్చిచ్చిన మలాన్ని గాజు పళ్లేల మీద పూసి, మర్నాటికి ఏం మొలిచిందో చూసి రాసే ఉద్యోగం నాది. ఎన్నేళ్లు రాసినా ఈ నమ్మకాన్ని కదపలేకపోయాను. కదపకపోగా ఒకసారి దాని చాటున దాక్కున్నాను. ఆ సంగతే చెబుతాను.

ఎనభైల మొదట్లో మేము వన్ టౌన్‌లో ఒక సాయిబు గారింట్లో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. ఆయనకి పూర్ణా మార్కెట్ దగ్గర ట్రంకు పెట్టెల కొట్టు. నన్ను తమ్ముడూ అనేవారు, నేను భాయ్ అనేవాణ్ణి. మా ఆవిడా నేనూ శ్రీకాకుళం వైపు రైతు కుటుంబాల వాళ్లం, నీచు లేకుండా ముద్ద దిగని వాళ్లం. కానీ కార్తీక మాసం వచ్చిందంటే మా ఆవిడ కోడిగుడ్డు అన్న మాట కూడా ఇంట్లో అననిచ్చేది కాదు. తెల్లారకట్ల చన్నీళ్ల స్నానం, తులసికోట దగ్గర దీపం, సోమవారం ఉపవాసం. నేను నెలంతా బీరకాయ తింటూ భక్తుడిలా కనిపించేవాణ్ణి.

భాయ్ పెద్దమ్మాయి పెళ్లి సరిగ్గా ఆ నెలలో కుదిరింది. పెళ్లికొడుకు పోర్టులో ఫిట్టరు, అతనికి సెలవు దొరికింది అప్పుడే. కార్డులు పంచడానికి మార్కెట్‌కి వెళ్లిన భాయ్ ముఖం వేలాడేసుకుని వచ్చారు. బెల్లం షావుకారు, చింతపండు కొట్టాయన, తాళ్ల కొట్టాయన, అందరిదీ ఒకటే మాట: కార్తీకం కదా భాయ్. మిగతా పదకొండు నెలలూ ఆయన ఇంటి బిర్యానీ కోసం వంక వెతుక్కునే వాళ్లే వీళ్లంతా.

"ఆళ్లకి అరటిపళ్లెట్టి పంపించీలేను తమ్ముడూ," అన్నారు భాయ్. "ఏరేగా సాకాహారం వొండిద్దాం. నా ఇంట కూకుని ఎవలూ బయపడతా తినకూడదు. దగ్గరుండి సూసుకోడానికి మనిషి కావాల. అది నివ్వే."

ఒప్పుకున్నాను. గర్వంగా కూడా అనిపించింది.

వంటకి వేరే మనిషిని పెడదామన్నాను గానీ వాళ్ల వంటాయన ఒప్పుకోలేదు. అరవై దాటిన సాయిబు. వన్ టౌన్‌లో ఆయన చెయ్యి పడని పెళ్లి విందు లేదనేవారు. "నాను నిలబడ్డ పెళ్లిలో ఇంకోడొచ్చి పొయ్యి ముట్టించడమేటి బాబూ," అన్నాడు నాతో. తెల్లారకుండానే స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని, ముందు శాకాహారం అంతా వండేసి, ఆ తర్వాతే మాంసం ముట్టుకుంటానని మాటిచ్చాడు. కోళ్లు కొయ్యడం, కడగడం తన మనుషులు పెరటి చివర చేస్తారన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. నేను దగ్గరుండి చూశాను.

నా వంతు నేను చేసింది మామూలు ఏర్పాటు కాదు. సత్రం నుంచి గుండిగలు అద్దెకి తెచ్చాను, బిర్యానీ వండే డేగిసాలతో వాటికి చుట్టరికం లేకుండా. శాకాహారం గరిటెలన్నిటికీ ఎర్రదారం కట్టాను. పెరటి గచ్చు మీద సుద్దముక్కతో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గీత గీశాను. గీతకి ఇవతల పప్పు, పులిహోర, దప్పళం, చక్కెర పొంగలి. అవతల కోళ్లు. గీత దాటి ఏ వస్తువూ ఇటు రాకూడదని చెప్పాను. వంటాయన మనుషులు ఆ గీతని భారత్ పాకిస్తాన్ అన్నారు. నేను నవ్వలేదు. ల్యాబు మనిషిని, గీతలూ గుర్తులూ నా వృత్తి.

వడ్డనకి గంట ముందు నాకు కీరదోస పెరుగుపచ్చడి గుర్తొచ్చింది. కార్తీకం కాబట్టి ఉల్లిపాయ లేదు, విస్తట్లో చల్లగా ఒకటైనా ఉండాలని మా ఆవిడ మరీ మరీ చెప్పింది. ఇద్దరాడవాళ్లు మా ఇంటి కత్తిపీట మీదే కీరకాయలన్నీ చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పేశారు. అంత ముక్క నీరు ఓడ్చాలంటే పెద్ద చిల్లుల పళ్లెం కావాలి. మా వైపు లేదు. వంటాయన బిర్యానీ బియ్యం వార్చే పెద్ద చిల్లుల పళ్లెం పట్టుకుని గీత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పొద్దుటి నుంచీ మరిగే నీళ్లలో మునిగి తేలుతున్న పళ్లెం. ఆ పెరడు మొత్తం మీద అంతకన్నా శుభ్రమైన వస్తువు లేదని ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పగలను.

"వద్దు," అన్నాను. "అది మీ వైపుది."

కుళాయి దగ్గర అప్పుడే కడిగి బోర్లించిన వెదురు గంప కనిపించింది. ఇంకా నీళ్లు కారుతున్నాయి. వెళ్లి తెచ్చుకున్నాను.

"బాబూ, అది కోళ్లొచ్చిన గంప," అన్నాడు వంటాయన.

"కడిగేశారు కదా. గంపకి అంటు ఏమిటి?"

ఇందులో నా తప్పు ఏమిటో చెప్పడం తేలికే, నా తర్కం ఏమిటో చెప్పడం కొంచెం కష్టం. మా ఇళ్లలో గుండిగకి అంటు ఉంది, గరిటెకి ఉంది, ఇత్తడి చెంబుకి కూడా ఉంది. గంపకి లేదు. అందులో వరి వేస్తాం, పేడ మోస్తాం, పసిపిల్లని పడుకోబెడతాం. దాన్ని ఎవరూ సామాన్ల లెక్కలో వెయ్యరు. అందులో మాంసం ఉడకలేదు, కాబట్టి అది మాంసం వైపుది కాదు. అడుగున అరిటాకు పరిచి, కీర ముక్కలన్నీ అందులో పోసి, నా చేత్తోనే గట్టిగా వత్తాను. ఆకు చిరిగింది. నీరు బాగా ఓడింది. పెరుగులో కలిపి పోపు పెట్టాను.

ఆ పచ్చడిని అందరూ మారు అడిగి వేయించుకున్నారు. బెల్లం షావుకారు మూడుసార్లు. మా ఆవిడ ఆడవాళ్ల బంతిలోంచి నా వైపు చూసి కళ్లతోనే మెచ్చుకుంది. బంతి లేచేసరికి గిన్నె అడుగు కనిపించింది. నాకు మిగల్లేదు.

అప్పుడు అవతల డేగిసా మూత తీశారు.

పొద్దుటి నుంచీ నేనేమీ తినలేదు. ఆ వాసన గీతని లెక్కచెయ్యలేదు. నేను పెద్ద పని ఉన్నవాడిలా నీళ్లతొట్టి వెనక్కి వెళ్లాను. వంటాయన ఏమీ అడగలేదు. ఒక పళ్లెంలో బిర్యానీ, పైన తొడ ముక్క పెట్టి పట్టుకొచ్చి, నా చేతికిచ్చి, ఎవరూ రాకుండా తొట్టికి అడ్డంగా వీపు పెట్టి నిలబడ్డాడు. అంత రుచైన బిర్యానీ నేను మళ్లీ తినలేదు. చేతులు కడుక్కుని, మూతి తుడుచుకుని, గీత ఇవతలికి వచ్చి తాంబూలాలు పంచాను.

మూడో రోజున మా ఆవిడకి జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆగని విరేచనాలు. నాలుగో రోజుకి నెత్తురు కనిపించింది. ఆ సాయంత్రమే చింతపండు కొట్టాయన్ని రిక్షాలో ఆసుపత్రికి తెచ్చారు. మర్నాడు బెల్లం షావుకారు. ఆయనకి రెండు రోజులు సెలైను ఎక్కించారు. ఒకరి పక్కన ఒకరు మంచాల మీద పడుకుని లెక్కలు చూసుకుంటే అందరూ భాయ్ ఇంటి పెళ్లికి వెళ్లినవాళ్లే. అందరూ గీతకి ఇవతల తిన్నవాళ్లే. బిర్యానీ తిన్న వంద మందిలో ఒక్కడికీ తేనుపు కూడా రాలేదు.

మార్కెట్ దీనికి ఒక్క పూటలో అర్థం చెప్పేసింది. శాకాహారంలో మాంసం కలిసింది. వంట సాయిబు మాంసం గరిటె పప్పులో పెట్టాడు. అలవాటు లేని పొట్టలు, పైగా వ్రతం, ఊరుకుంటాయా? అలవాటు లేని పొట్టల్లో మొదటిది బెల్లం షావుకారుది. ఆయన ఆదివారం ఆదివారం మేక తలకాయ కూర తింటారని ఆయన వాకిట్లో కుక్కకి కూడా తెలుసు.

మా ఆవిడ నీరసంగా పడుకుని నన్నే చూస్తూ అడిగింది. "ఒకే వొంట తిన్నాం. మీకేటీ అవనేదేటి?"

"ల్యాబు ఒళ్లు," అన్నాను. "రోజూ అందులోనే ఉంటాం కదా, అలవాటైపోతుంది."

నమ్మింది. నమ్మడమే కాదు, చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లందరికీ నా ఒంటి గొప్పతనం చెప్పింది.

వారం తర్వాత బెల్లం షావుకారు నలుగురిని వెంటేసుకుని భాయ్ అరుగు మీదికి వచ్చారు. వంటాయన్ని పిలిపించారు. ఆయన చెప్పులు కింద విప్పి నిలబడ్డాడు. "నా మనవల మీద ఒట్టు," అన్నాడు. "మీ వొంట దించీదాకా నాను మాంసం ముట్టుకోనేదు. గరిటి కలపనేదు."

షావుకారు నా వైపు తిరిగారు. "నివ్వు అక్కడే ఉన్నావు కదా బావా. నివ్వు సెప్పు. కలిసిందా?"

"నేనున్నంతసేపూ కలవలేదు," అన్నాను.

"ఉన్నంతసేపూ అంటే? మజ్జిలో ఎక్కడికెల్నావేటి?"

"కొంచెంసేపు నీళ్లతొట్టి వైపు వెళ్లాను."

అంతే అన్నాను. అబద్ధం ఒక్క ముక్క లేదు. అరుగు మీద అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ కొంచెంసేపట్లోనే జరిగిందన్న మాట. వంటాయన నన్ను చూశాడు. ఇప్పుడు చెబుతాడనుకున్నాను, తొట్టి వెనక నేనేం తిన్నానో, నాకే కాదు, బిర్యానీ తిన్న ఎవరికీ ఏమీ కాలేదని. ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. భాయ్ ఆ పూట భోజనం చెయ్యలేదని తర్వాత తెలిసింది.

మా ల్యాబులో ఆ మలాలన్నీ పళ్లేల మీద పూశాం. మామూలుగా మొలిచేవే మొలిచాయి, జబ్బు తెచ్చేదేదీ రాలేదు. మా డాక్టరమ్మ వేరే ఊరి నుంచి వచ్చినావిడ. తక్కువ మాట్లాడేది, ఎక్కువ చదివేది. గాలి ఎక్కువైతే బతకని క్రిమి ఒకటుందని ఏదో పత్రికలో చదివిందట. గొర్రె నెత్తురు కలిపిన పళ్లేల మీద మళ్లీ పూయించింది. వాటిని పెద్ద గాజు జాడీలో పేర్చి, లోపల కొవ్వొత్తి వెలిగించి మూత బిగించమంది. కాసేపటికి కొవ్వొత్తి దానంతటదే ఆరిపోయింది. అప్పుడు జాడీని నలభై రెండు డిగ్రీల వేడిలో పెట్టమంది.

"అంత వేడా మేడమ్? మనిషి ఒంట్లో అంతుండదు కదా."

"మనిషి కోసం కాదు. కోడి ఒంటి వేడి అది."

అప్పటికి నాకేమీ తట్టలేదు. రెండు రోజులకి పళ్లేల మీద నీటి తుంపర పడ్డట్టు చిన్న చిన్న చుక్కలు మొలిచాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే వంకర తిరిగిన సన్నటి క్రిములు. రెండేసి అతుక్కున్న చోట రెక్కలు చాపిన పక్షిలా ఉన్నాయి. దాని పేరు కాంపైలోబాక్టర్ అంది డాక్టరమ్మ. కోడి పేగుల్లో ఇది హాయిగా కాపురం ఉంటుందట, కోడికి ఏ జబ్బూ చెయ్యదట. మనిషి కడుపులోకి వెళితే రెండు మూడు రోజులు ఆగి తన పని మొదలుపెడుతుందట. ఉడికిస్తే చస్తుందట.

"ఆ రోజు పచ్చిగా వడ్డించింది ఏమిటి?" అని అడిగింది.

"పెరుగుపచ్చడి."

"పెరుగుపచ్చడికీ కోడికీ సంబంధం ఏమిటి?"

స్టూలు మీద కూర్చున్నాను. మా ఆవిడ పళ్లెం, బెల్లం షావుకారు పళ్లెం పక్కపక్కన బల్ల మీద ఉన్నాయి. రెండిట్లోనూ నేను వత్తిన గంపే మొలిచింది. చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. నోటుబుక్కులో గంప అని రాసి, కింద గీత గీసి, "ఎవరికైనా చెప్పావా?" అంది.

"చెబుతాను," అన్నాను.

వెంటనే చెప్పలేదు. గంప సంగతి చెబితే మరి నీకెందుకు రాలేదన్న ప్రశ్న వస్తుంది, పచ్చడి నాకు మిగల్లేదంటే మరేం తిన్నావంటారు. దానికి జవాబు చెబితే మా ఆవిడ చన్నీళ్ల స్నానాలన్నీ నేను బూడిదలో పోసినట్టే. కార్తీకం వెళ్లనీ అనుకున్నాను. వెళ్లింది. మార్గశిరంలో కదిపితే బాగుండదనుకున్నాను. సంక్రాంతి దాటాక భాయ్ ఒకరోజు రేకు కత్తిరిస్తూ మామూలుగా అన్నారు. "మన వంటాయన్ని ఎవలూ పిలవడం మానేసినారు తమ్ముడూ. మావోళ్లు కూడా. పెళ్లంటే అన్ని జాతులోలూ వొస్తారు కదా, గొడవెందుకని బయం. గాజువాక దాటి స్టీలు ప్లాంటు కడతన్నారు కదా, అక్కడ కాంట్రాక్టరు కేంటీన్లో కూలోలకి ఉప్మా కలుపుతన్నాడంట."

నలభై ఏళ్లు బిర్యానీ దించిన చెయ్యి ఉప్మా కలుపుతోంది. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆదివారం పొద్దున్నే మార్కెట్‌లో భాయ్ కొట్టు ముందే నిలబడి చెప్పేశాను. బెల్లం షావుకారు ఉన్నారు, చింతపండు కొట్టాయన ఉన్నారు. కోళ్ల గంప, కీర ముక్కలు, కొవ్వొత్తి, క్రిమి, అన్నీ వరసగా చెప్పాను. వంటాయన గంప వద్దన్నా నేనే వినలేదని చెప్పాను. తొట్టి వెనక బిర్యానీ తిన్నానని కూడా చెప్పాను. షావుకారు తొడ చరిచి నవ్వారు. "కార్తీకంలో తొడ ముక్క తిన్నావేటి బావా! ఎర్రదారం కట్టినోడివి!" మధ్యాహ్నానికి మార్కెట్ అంతా పాకింది. తాళ్ల కొట్టాయన నన్ను చూడగానే తొట్టి ఎటువైపుందని అడిగేవాడు. క్రిమి సంగతి ఎవరికీ పట్టలేదు. కంటికి కనబడని పురుగు కన్నా కనబడే తొడ ముక్క నచ్చింది వాళ్లకి. భాయ్ ఒక్కరే నవ్వకుండా సుత్తి కింద పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

మా ఆవిడ నాతో వారం మాట్లాడలేదు. తనకి నెత్తురు విరేచనాలు తెప్పించినందుకు కాదు, బిర్యానీకి.

తర్వాతి సెలవు రోజున బస్సెక్కి స్టీలు ప్లాంటు వైపు వెళ్లాను. ఎర్రమట్టి, లారీలు, కనుచూపు మేరా ఇనుప స్తంభాలు. రేకుల షెడ్డులో వంటాయన మూకుడు ముందు నిలబడి రవ్వ వేయిస్తున్నాడు. నన్ను చూసి స్టూలు లాగాడు. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను. ల్యాబులో చూసింది చెప్పాను. తప్పు నాది, క్షమించమన్నాను.

"గంప మీద నాకూ అనుమానం ఉంది బాబూ," అన్నాడు, గరిటె ఆపకుండా. "సెప్తే, సాయిబు తప్పించుకోడానికి సెప్తన్నాడంటారు."

"నేను బిర్యానీ తిన్నానని చెప్పొచ్చు కదా. తిన్నవాళ్లెవరికీ ఏమీ కాలేదని రుజువయ్యేది."

"నా సేతి కూడు తిన్నోల సంగతి నాను ఎక్కడా సెప్పను. ఎవలేటి తిన్నాడో సెప్పీ వంటోడిని ఎవలు పిలుత్తారు?" నీళ్లు పోశాడు. ఆవిరి లేచింది. "మీరు ఎవలకి సెప్పినారు?"

"అందరికీ."

"ఆళ్లేటన్నారు?"

"నవ్వారు."

"నవ్వినోలు పెళ్లికి పిలవరు కదా బాబూ," అన్నాడు.

భాయ్‌తో చెప్పి మళ్లీ పిలిపిస్తానన్నాను. రెండో అమ్మాయి పెళ్లి కుదిరిందని, వంటకి ఇంకొకరికి బయానా ఇచ్చేశారని ఆయనకి అప్పటికే తెలుసు. ఆ పిల్లని తన చేతుల మీద ఎత్తుకున్నవాడు. మగపెళ్లివారు పాత గొడవ విని పట్టుబట్టారట, భాయ్ ఏం చెయ్యగలరన్నాడు. కొత్త వంటాయన పేరు కూడా ఆయనే చెప్పాడు.

"మంచోడే. బియ్యం ఇంకో పలుకుండగానే దించీమని సెప్పండి. ఆడికి అదొక్కటే తెలీదు."

ఆ మాట చేరవేశాను. పెళ్లిలో బిర్యానీ బ్రహ్మాండంగా కుదిరింది, మెతుకు మెతుకుకి అంటలేదు. బెల్లం షావుకారు చెయ్యి కడుక్కుంటూ, ఇన్నేళ్లలో ఈ ఇంట ఇలాంటి బిర్యానీ తినలేదు, పాతాయన పోయి మంచిదయింది అన్నారు. కొత్త వంటాయన తల వంచి మెప్పు అందుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను, తువ్వాలు అందిస్తున్నాను. ఆ పలుకు కిటుకు ఎవరు చెప్పారో అప్పుడైనా చెప్పాల్సింది. మళ్లీ నవ్వుతారని ఊరుకున్నాను.